కొబ్బరిమొక్కకు గోనెపట్టా

సాయంత్రం ఐదయ్యేసరికి కొబ్బరిమొక్కకు గోనెపట్టా కప్పాలి. ముందు మొదలు చుట్టూ ఎండుగడ్డి సర్దాలి. వేడినీళ్లు నింపిన సీసాలు రెండు పక్కన పెట్టాలి. ఆకు విరగకుండా పైన గోనె కప్పి తాడు కట్టాలి. పొద్దున ఎండ రాగానే మళ్లీ విప్పాలి. ఊటీలో మా అద్దె ఇంటి పెరట్లో రెండు శీతాకాలాలుగా ఇదే నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా ఉంటుంది.

అసలు ఉద్యోగం విజయవాడ పటమటలో ఉండేది. సనోబర్ మేడమ్ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు రక్తపరీక్షలు చేశాను. బ్యాంకులో పనిచేసే నా భర్త జయపాల్‌కి ఇక్కడికి బదిలీ అయినప్పుడు, "నువ్వు రాకపోతే నాకు తిండెవరు పెడతారు బ్లెస్సీ?" అన్నాడు. మానేశాను. ఆ రోజు ల్యాబ్ బాత్రూమ్‌లో ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంటికొచ్చి సామాను సర్దాను.

మొక్కను తెచ్చింది మా అత్తగారు ఆదెమ్మ. భవానీపురం ఇంట్లో తన చెట్టు కాయనే మొలకెత్తించి, రైల్లో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది. "ఈ ఇంటి కొబ్బరిచెట్టు మొదటి గెల కోతపండక్కి మన చర్చిలో పెడతానని దేవుడికి మాటిచ్చానమ్మాయ్" అంది. మన వైపు అలవాటు ప్రకారం గొయ్యిలో కల్లుప్పు వేయించింది. "ఈ చలికి బతకదంట అత్తయ్యా, బతికినా కాయదని నర్సరీ ఆయన చెప్పాడు" అంటే, "నా చేత్తో పెట్టిన చెట్టు కాయకపోవడమేంటే?" అని కసిరింది. రెండు రోజులు రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని, "అమ్మో, ఇదేం చలిరా" అంటూ మూడోరోజు రైలెక్కేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మాటిచ్చింది ఆవిడ, నీళ్లు కాచేది నేను. పైగా కొబ్బరి కాపుకు ఆరేళ్లు, బ్యాంకు బదిలీ మూడేళ్లకే. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదటి మొక్క జనవరి మంచుకు మాడిపోయింది. "ఆ పిల్ల హస్తవాసి మంచిది కాదురా" అని అత్తగారు ఫోన్‌లో అంటుంటే స్పీకర్ ఆన్‌లోనే ఉంది. "సైన్సు చదివావు, ఒక్క మొక్కను బతికించలేవా?" అన్నాడు జయపాల్. భవానీపురం నుంచి ఇంకో మొక్క వచ్చింది. ఆ వారమే అతని బ్యాంకువాళ్లు టీకి వచ్చారు. వాళ్లతో అన్నాడు కదా, "ఎండలో పెరిగే చెట్టు కదండీ. పాపం, ఈ చలికి తట్టుకోలేకపోయింది."

పాపం! కప్పులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చలికి నా వేళ్లు వాచి, ఎర్రబడి, చపాతీపిండి కలపలేక చూపిస్తే, "అలవాటైపోతుందిలే" అన్నాడు ఇదే మనిషి. నేనూ ఆ ఎండలో పుట్టి పెరిగినదాన్నే. నా కోసం ఒక్కసారైనా ఆ మాట రాలేదేం ఆ నోట్లోంచి?

మొన్న బుధవారం సనోబర్ మేడమ్ ఫోన్ చేశారు. "సీనియర్ టెక్నీషియన్ పోస్టు ఖాళీ అయింది బ్లెస్సీ. సోమవారానికి రాగలవా? ఆ తర్వాత నేను ఆపలేనమ్మా." భోజనాల దగ్గర చెప్పాను. జయపాల్ ముద్ద కలుపుతూ చాలాసేపు ఆలోచించాడు. నా గురించే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"మార్చి దాకా ఆగమను" అన్నాడు. "ఈ చలిలో మొక్కనెవరు చూస్తారు?"

వద్దని తెగేసి చెప్పినా ఇంత మండేది కాదు. నా తొమ్మిదేళ్ల పనిని, నా చదువుని, ఎప్పటికీ కాయని ఒక మొక్క పక్కన పెట్టి చూసి, మొక్కే ముఖ్యమన్నాడు. అదీ పెరుగు వడ్డించమంటూ. వడ్డించాను.

శనివారం సాయంత్రం నీళ్లు కాచలేదు. జయపాల్ బ్యాంకు నుంచి వచ్చేసరికి నా బ్యాగు గుమ్మంలో ఉంది, దాని పక్కన గోనెపట్టా మడతపెట్టి ఉంది.

"ఎక్కడికి?"

"విజయవాడకి. సోమవారం డ్యూటీలో చేరుతున్నాను. మేడమ్‌కి చెప్పేశాను."

అతను నావైపు చూడలేదు. పెరట్లోకి చూశాడు.

"మరి ఆ మొక్క? రోజూ నీళ్లు కాచి, గడ్డి సర్ది, ఈ చలిలో... నావల్ల ఎక్కడవుతుంది బ్లెస్సీ?"

తాడు తీసి అతని చేతిలో పెట్టాను.

"అలవాటైపోతుందిలెండి" అన్నాను.