మూడు వారాల నిండు చార్జి

రిమోట్ కార్ల పందెంలో మా చెల్లెలు చిట్టి వరుసగా నాలుగేళ్లు గెలిచింది. ఆ నాలుగేళ్లూ రెండో స్థానం నాది. రసాయనశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పినదాన్ని నేను. బట్టలు కుట్టి బతికింది చిట్టి. అయినా మలుపు దగ్గర ఆమె బొటనవేలికి తెలిసినది నా బుర్రకు తెలియదు. చూసినవాళ్లు "చెయ్యంటే చిట్టిదే" అన్న ప్రతిసారీ నా కడుపు భగ్గుమనేది.

నాకంటూ మిగిలింది ఒక్కటే: ఇద్దరి బ్యాటరీల బాధ్యత. "నువ్వుండగా నాకెందుకక్కా ఆ తలనొప్పి?" అనేది చిట్టి. పందెం లేని రోజుల్లో లిథియం బ్యాటరీని ఇంచుమించు సగం చార్జికి దించి, చల్లటి చోట దాచాలి. నిండుగా, వేడిలో ఉంచితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. ఇంట్లో ఈ సంగతి తెలిసింది నాకే.

కిందటి పందెం తరువాత నా బ్యాటరీని సగానికి దించాను. చిట్టిదాన్ని నిండా ఎక్కించి, ఎండ పడే కిటికీ పక్కన పెట్టాను. కాస్త బలం తగ్గితే చాలనుకున్నాను. అంతకు మించి ఆలోచించకుండా జాగ్రత్తపడ్డాను. అలా మూడు వారాలు గడిచాయి.

పందెం రోజు పొద్దున మైదానం పక్కనున్న షెడ్డులో చిట్టి నన్ను పిలిచింది.

"అక్కా, ఈ బ్యాటరీ కారు గూట్లో పట్టట్లేదే!"

అది దిండులా ఉబ్బి ఉంది. ఆమె దాన్ని బొటనవేలితో అదుముతోంది.

"కాస్త లావెక్కింది, అంతేగా? మనం ఎక్కలేదూ?" అని నవ్వి, లోపలికి నెట్టడానికి స్క్రూడ్రైవర్ తీసింది.

"త్వరగా కానివ్వండమ్మా, అయిదు నిమిషాలే ఉన్నాయి" అన్నాడు గడియారం పట్టుకున్న పెద్దాయన.

ఆ మొన పైపొరను చీల్చితే మంట ఎగిసేది ఆ వేళ్ల మీదికే. నోరు విప్పితే, ఎందుకు ఉబ్బిందని అడుగుతుంది.

"ఆపు! గుచ్చావంటే అంటుకుంటుంది. పాడుచేసింది నేనే."

"కావాలనా?"

"ఊఁ."

చిట్టి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. బ్యాటరీని నేను మెల్లగా ఎత్తి, బయటికి తీసుకెళ్లి, గోడలకు దూరంగా ఉన్న ఇసుక బకెట్లో ఉంచాను. తిరిగొచ్చి, ఆ పొద్దునే నిండా ఎక్కించిన బ్యాటరీని నా కారులోంచి ఊడదీసి ఆమె ముందు పెట్టాను. దాన్ని తన కారులో బిగించుకుంది. ఆ బ్యాటరీతోనే గెలిచింది. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

సాయంత్రం చిట్టి చార్జర్‌ను బల్ల మీద తన వైపుకు లాక్కుంది.

"దాచేటప్పుడు ఎంత దగ్గర ఆపాలి?"

"ఒక్కో సెల్లు మూడు పాయింట్ ఎనిమిది వోల్టులకు."

బ్యాటరీల పెట్టె మూత మీద సుద్దతో రాసుకుంది.

"ఇకమీదట నావి నేనే చూసుకుంటానక్కా. నువ్వు ముట్టుకోకు."

ఆ అంకె దగ్గర దాటిపోకుండా ఆపడం నాకు పట్టుబడటానికి నెల పట్టింది. చిట్టి మొదటిసారే ఆపింది.