ఉనైసా చేతి గుంజ

నేను ఒక గుడారపు గుంజను. పుట్టుక ఎడారి తుమ్మ. ఉనైసా నన్ను తన చేత్తోనే నరికి, బెరడు ఒలిచి, నూనె పట్టించింది. మనుషులు కత్తులకు ముద్దుపేర్లు పెట్టుకుంటారు గానీ గుంజను పిలిచేవారెవరు? నిలబడటమే నా బతుకనుకున్నాను.

ఇస్లాం కొత్తగా వేళ్ళూనుకుంటున్న రోజులవి. అరబ్బు సేన వెంట ఉనైసా కుటుంబం కూడా షామ్ దేశపు, అంటే సిరియా మైదానానికి వచ్చింది. మగవాళ్ళు కింద యుద్ధంలో ఉంటే, గుట్ట మీది గుడారాల్లో ఆడవాళ్ళూ గాయపడినవాళ్ళూ ఉండేవారు. ఉనైసా చంకకు నీళ్ళతిత్తి తగిలించుకుని కట్లు కడుతూ తిరిగేది. నా నీడలోనే ఆమె మరిది వాయిల్ పడుకున్నాడు. తొడలో ఈటె దిగింది. కదిలిస్తే నెత్తురు ఆగదు.

మూడో రోజు మధ్యాహ్నం మైదానంలోని దుమ్ము మావైపు తిరిగింది. రూమీల, అంటే రోము చక్రవర్తి సేనలోని రౌతుల ధాటికి మావాళ్ళ వరస చెదిరిపోయింది.

"వదినా, ఏమిటా చప్పుడు?" అన్నాడు వాయిల్.

"మనవాళ్ళే వస్తున్నారు," అంది ఉనైసా. అబద్ధం కాదు. మనవాళ్ళే, పారిపోయి వస్తున్నారు.

ఆమె అత్త హుజైమా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "చూస్తూ కూర్చుంటే ఎట్లా? గుంజలు పీకండి," అంది, పొయ్యి మీది గిన్నె దించమన్నంత మామూలుగా.

ఉనైసా తాళ్ళు కోసింది. గుడారం వాయిల్ మీద దుప్పటిలా వాలింది. "కదలకు, మేమున్నాం," అని చెప్పి నన్ను రెండు చేతులా ఎత్తింది. నా ఒళ్ళు ఝల్లుమంది. ఎగిరే గాలి ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

అందరికన్నా ముందు వచ్చింది ఆమె మొగుడు జుందుబ్. ఉనైసా గుర్రం మూతి మీద ఒక్కటి వేసింది. అది ముందుకాళ్ళు లేపి ఆగిపోయింది.

"ఎక్కడికి?"

"వాళ్ళు చీమల్లా ఉన్నారు. ఒంటె ఎక్కు, పోదాం."

"మరి నీ తమ్ముడు ఎక్కుతాడా?"

జుందుబ్ కూలిన గుడారం వైపు చూశాడు. దాని కింద ఊపిరి లేస్తూ పడుతూ ఉంది. ఉనైసా నన్ను అడ్డంగా పట్టుకుని దారిలో నిలబడింది. అతను గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. అతని వెనక పదిమంది, వాళ్ళ వెనక వందమంది తిరిగారు. తిరగని వాళ్ళ మీద ఆడవాళ్ళ రాళ్ళు పడ్డాయి.

ఇంతలో ఒక రూమీ రౌతు వరస చీల్చుకుని పైకి వచ్చేశాడు. అతని ఈటె ఉనైసా తల మీదుగా దూసుకుపోయింది. ఆమె వంగి, నడుం తిప్పి, నాతో అతని కాలి మీద విసురుగా కొట్టింది. రెండు చప్పుళ్ళు కలిసి వినిపించాయి. ఒకటి అతని ఎముకది, ఒకటి నాది.

సాయంత్రానికి గుట్ట మావాళ్ళ చేతిలోనే నిలిచింది. మగవాళ్ళు తామెలా వెనక్కి తిరిగి శత్రువును తరిమిందీ గొప్పగా చెప్పుకున్నారు. ఎందుకు తిరిగిందీ జుందుబ్ ఒక్కడే చెప్పాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

బందీ అయిన ఆ రౌతు కాలు పట్టుకుని మూలుగుతుంటే ఉనైసా నీళ్ళతిత్తితో వెళ్ళింది.

"వీడికీ కట్టు కడతావా?" అంది హుజైమా.

"విరగ్గొట్టింది నేనే కదా అత్తా."

విరిగిన నన్ను కత్తితో నిలువునా చీల్చి, అతని కాలికి అటూ ఇటూ పెట్టి, గుడ్డపేలికలతో బిగించింది. అతను తన భాషలో ఏదో అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు, నాకూ కాలేదు.

వాయిల్ బతికాడు. నలభై రోజులకు రౌతు కట్టు విప్పారు. నన్ను పాత జీనుల కుప్ప మీదికి విసిరేశారు. సేన ముందుకు సాగిపోయింది, ఇసుక నన్ను సగం కప్పేసింది. ఆనాటి దెబ్బ గురించి నాకిప్పుడు అంతగా తలపు లేదు. కట్టు విప్పాక ఆ రౌతు తూలుతూ మొదటి అడుగు వేసినప్పుడు, ఎదురుగా నిలబడ్డ ఉనైసా, పట్టుకోవడానికి చేతులు చాచి, ఊపిరి బిగపట్టింది. అదే నాకు గుర్తుంది.