గెలిచిన సాయంత్రం

"ఆ చీర ఉతక్కు," అన్నాడు మోహనకృష్ణ. "ఉతికితే లక్కు పోద్ది."

నాగశ్రీ బకెట్లో పెట్టబోయిన నీలం చీరని తీసి మళ్ళీ దండెం మీద వేసింది. ఐదు మ్యాచ్‌లుగా ఆ చీర నీళ్ళ మొహం చూడలేదు. ఫిషింగ్ హార్బర్లో ఐస్ ప్లాంటు కౌంటర్ దగ్గర తెల్లారకముందే కూర్చుని బోట్ల వాళ్ళకి టోకెన్లు రాసే మనిషి ఆమె. చేపల వాసన ఆమెకి కొత్త కాదు, ఇంటికొచ్చి తలారా స్నానం చేస్తే అది వదిలిపోతుంది. ఈ చీర వాసన వేరు. ఐదుసార్లు భయంతో పట్టిన చెమట అది. దానికి ఆ ఇంట్లో లక్కు అని పేరు పెట్టారు.

ఈ లక్కు ఎలా పుట్టిందో చెప్పాలి. మోహనకృష్ణ పోర్టులో క్రేన్ ఆపరేటరు. వైజాగ్‌కి ఫుట్‌బాల్ క్లబ్బంటూ ఒకటి వచ్చిన దగ్గర్నుంచీ అతనికి అదే లోకం. అలాంటివాళ్ళు ఊరు మొత్తం మీద నూటెనభై మంది తేలారు, వాళ్ళని పోర్టు బ్యాచ్ అంటారు. పోయినేడాది ఒక మ్యాచ్ రోజున టీవీ చూడ్డానికి ఇంటికొచ్చిన ఏడెనిమిది మందికి నాగశ్రీ టీలు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు గోల్ కొట్టారు. "కదలకు," అన్నాడు మోహనకృష్ణ వెనక్కి తిరక్కుండానే. ట్రే పట్టుకుని నలభై నిమిషాలు అలాగే నిలబడింది ఆమె. టీలు చల్లారిపోయాయి, టీమ్ గెలిచింది. ఇంకేముంది, మర్నాటికల్లా నాగశ్రీ పోర్టు బ్యాచ్ మొత్తానికి సెంటిమెంటైపోయింది. అదే చీర, అదే గుమ్మం, కుడి చెయ్యి తలుపు చెక్క మీద. దేవుడి గదిలో పటం కూడా అంత కదలకుండా ఉండదు. గెలిస్తే టీమ్ గొప్పతనం, ఓడితే ఆవిడ నిలబడ్డంలో తేడా.

ఓడిన రోజు మోహనకృష్ణ అరవడు. అరిస్తే బాగుణ్ణు, పక్క వాటా వాళ్ళైనా వింటారు. టీవీ కట్టేస్తాడు. స్నేహితుల్ని మెట్ల దాకా సాగనంపుతాడు. లోపలికొచ్చి, మామూలు గొంతుతో, "తలుపెయ్యి" అంటాడు. ఆ తలుపు కూడా ఆమే వెయ్యాలి. పోయిన డిసెంబర్లో ఒక సాయంత్రం అలా తలుపు వేశాక ఆమె ఎడం చెవి పోయింది. ఎలా జరిగిందమ్మా అని డాక్టరు అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు భ్రమరాంబ "బాత్రూంలో జారింది బాబూ" అనేసింది. ఆటోలో వస్తూ కోడలి చెయ్యి నిమిరింది కూడా. "ఓడిపోయిన్రోజు మగాడి కంట పడకూడదమ్మాయ్. మీ మావగారి పేకాట రోజుల్లో నేనలాగే నెట్టుకొచ్చాను. గెలిచిన్రోజు చూడు, బంగారంలా ఉంటాడు కదా."

అది మాత్రం నిజం, అదే అన్యాయం. గెలిచిన రోజు అతను మూరెడు మల్లెపూలు తెస్తాడు, నాగా అని పిలుస్తాడు, నువ్వు కూడా తినవే అని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. అలాంటి సాయంత్రాల కోసం నాగశ్రీ ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే సిగ్గు. ఆటంటే ఏమిటో పూర్తిగా తెలియని మనిషికి పాయింట్ల పట్టిక మొత్తం కంఠతా వచ్చు. ఎక్కడో మణిపూర్ నుంచి వచ్చిన సెంటర్ ఫార్వర్డ్ కుర్రాడికి మోకాలు నొప్పి అని పేపర్లో చదివి, ఆ మోకాలు తగ్గాలని కనకమహాలక్ష్మికి మొక్కుకుంది. వాడి తల్లి కూడా అంతలా మొక్కుకుని ఉండదు. ఎలమంచిలిలో బట్టలు కుట్టుకుని బతికే వాళ్ళక్క పద్మావతి చెవి సంగతి తెలిసి ఫోన్ చేసి, "వచ్చెయ్యవే, నా మిషన్ పక్కన నీకో మిషన్ ఏత్తాను" అంటే, నాగశ్రీ ఏమందో తెలుసా? "ఇప్పుడు బాగానే ఉందక్కా. వరసగా గెలుత్తన్నారు," అంది.

ఫైనల్ కలకత్తాలో పడింది. పోర్టు బ్యాచ్ రైలెక్కుతుంటే లక్కుని ఇంట్లో వదిలేసి వెళ్తారా? సెలవడగడానికి వెళ్తే ఐస్ ప్లాంటు ఓనరు హుస్సేన్ బాషా కళ్ళజోడు పైకి తోసి, "అంత దూరం ఆట చూడ్డానికా? నీకిష్టమేనా తల్లీ?" అన్నాడు. పెళ్ళై ఆరేళ్ళలో ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తెలియక, రెండ్రోజుల్లో వచ్చేస్తాను బాబాయ్ అనేసి వచ్చింది. ఆ రాత్రి రెండు డేక్సాల పులిహోర కలిపింది, బోగీ మొత్తానికి. అరచేతులు మండాయి. రైల్లో అందరూ లొట్టలేసుకుని తిన్నారు. మోహనకృష్ణ మాత్రం ఉప్పు తగ్గిందన్నాడు.

కలకత్తా స్టేడియం దగ్గర ఆడవాళ్ళకి వేరే వరస. లేడీ కానిస్టేబుళ్ళు సంచులు వెతికి నీళ్ళ సీసాలు, దువ్వెనలు, చిల్లర నాణేలు తీసి డబ్బాలో వేసేశారు. బయటూరి నుంచి వచ్చినవాళ్ళని ఒక మూలకి తోలారు. చుట్టూ మనిషెత్తు కన్నా ఎత్తైన ఇనప కంచె, ఒకే ఒక్క గేటు. ఆట అయ్యాక ఊరివాళ్ళంతా వెళ్ళిపోయేదాకా ఆ గేటుకి తాళం వేసే ఉంచుతారని మోహనకృష్ణ స్నేహితుడు గోపి చెప్పాడు. గోపికి మోహనకృష్ణ బావ, నాగశ్రీ అక్క. పెళ్ళై మూడు నెలలైన భార్య ఆశాజ్యోతిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. "ఈయన ఆట చూత్తే ఊగిపోతారు వదినా, నాకు నవ్వొస్తాది," అంది ఆ పిల్ల. నాగశ్రీకి నవ్వు రాలేదు.

మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి ఆమెకి ఊపిరి ఆగినంత పనైంది. ఎంత మైదానం అది, ఎంత పచ్చదనం. ఇన్నాళ్ళూ గుమ్మంలోంచి, ఎవరి తలల మధ్యనుంచో, అరచేయంత ముక్కగా చూసింది. అరవై వేల మంది అరుపు ఆమె కుడి చెవిలోంచి దూరి ఎముకల్లోకి దిగింది, ఎడం వైపు మాత్రం ఏమీ లేదు. ఒక్క నిమిషం ఆమెకి నిజంగా సంతోషం వేసింది. ఆ నిమిషం అయ్యేలోపే మోహనకృష్ణ ఆమె భుజాలు పట్టుకుని కంచె పక్కన ఇనప స్తంభం దగ్గర నిలబెట్టాడు. కుడి చెయ్యి తీసి స్తంభానికి ఆనించాడు. "ఇదే మన గుమ్మం అనుకో. విజిల్ ఊదేదాకా కదలకూడదు."

ఇరవయ్యో నిమిషంలో కలకత్తా వాళ్ళు గోల్ కొట్టారు. స్టేడియం కిందనుంచి పైకి లేచినట్టైంది. నూటెనభై మంది వైజాగ్ వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడ్డారు. మోహనకృష్ణ మైదానం వైపు చూళ్ళేదు, మెల్లగా తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. వేళ్ళు స్తంభం మీద ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఇంటర్వెల్లో అందరూ కూర్చున్నారు, ఎవరో బఠాణీలు పంచారు. ఆమె మాత్రం కూర్చోలేదు. పొద్దున హోటల్లో టీ తాగిన దగ్గర్నుంచీ బాత్రూంకి వెళ్ళలేదు. "ఒకసారి కిందకెళ్ళొస్తానండీ," అంటే, "గోల్ పడనీ" అన్నాడు. డెబ్బయ్యో నిమిషంలో మళ్ళీ అడిగింది. అతను స్తంభం వైపు వేలు చూపించాడు. పొత్తికడుపులో నొప్పి నడుముకి పాకింది. ఇక్కడే, ఇంతమందిలో, ఈ చీరలోనే అయిపోతుందేమో అనుకునేసరికి ఆమెకి కళ్ళు తిరిగాయి. ఎప్పుడు స్తంభం వదిలిందో ఆమెకే తెలీదు. ఆశాజ్యోతి చెయ్యి పట్టుకుని గేటు దాటి మెట్లు దిగుతోంది.

బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. ఆరేళ్ళలో ఎన్నోసార్లు ఏడ్చింది గాని ఇంత హాయిగా ఏడవలేదు. బయటికొచ్చి మొహం కడుక్కుంటుంటే ఉన్నట్టుండి పైన అంతా నిశ్శబ్దమైపోయింది. అరవై వేల మంది ఒక్కసారిగా గొంతు మింగేసినట్టు. నాగశ్రీ గోడ పట్టుకుంది. "ఏటైంది ఆశా? ఏటైనా కూలిపోనాదా?"

ఆశాజ్యోతి చెవులు రిక్కించింది. ఆ నిశ్శబ్దం అడుగున, సన్నగా, ఒక మూలనుంచి కేకలు. "మనోళ్ళే కొట్టేరు వదినా. అందుకే ఈళ్ళు మాటాడ్డం లేదు."

ఇద్దరూ మెట్లెక్కుతుండగా మళ్ళీ అదే నిశ్శబ్దం. రెండో గోల్. నాగశ్రీ మెట్టు మీద కూలబడి, ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుని నవ్వింది. గండం గడిచింది, ఇవాళ్టికి గడిచింది. సాయంత్రం మల్లెపూలు, నాగా అనే పిలుపు. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాలి అనుకుంటూ పరుగులాంటి నడకతో లోపలికి వచ్చింది.

గోపి ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నువ్వెల్లిపోనాకే రెండు గోల్సూ పడ్డాయి. వచ్చే సంవత్సరం నిన్ను ఇంట్లో ఒగ్గీసి వత్తాం." చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. మోహనకృష్ణ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆమె జబ్బ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు, వేళ్ళు కండలోకి దిగాయి. చూసేవాళ్ళకి గెలిచిన సంబరంలో పెళ్ళాన్ని పక్కకి చేర్చుకున్నట్టే ఉంది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, "చెప్పినా కదిలేవు," అన్నాడు. "నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేసేవు. ఇంటికెళ్ళాక చెప్తా నీ సంగతి."

"గెలిచేరు కదండీ," అంది నాగశ్రీ. అర్థం కాక అడిగింది, నిజంగానే.

"అయితే?" అన్నాడు.

విజిల్ ఊదారు. వైజాగ్ కుర్రాళ్ళు గడ్డి మీద పడి దొర్లుతున్నారు. ఓడిన కలకత్తా కుర్రాళ్ళలో ఒకడు తల పట్టుకుని కూర్చుంటే, మన మణిపూర్ కుర్రాడు కుంటుకుంటూ వెళ్ళి చెయ్యిచ్చి లేపాడు. ఓడినవాళ్ళు ఏడుస్తున్నారు, కావలించుకుంటున్నారు, చేతులు కలుపుతున్నారు. నిజంగా ఓడిపోయినవాళ్ళు ఎవర్నీ కొట్టడం లేదు. నాగశ్రీ కంచె పట్టుకుని అది చూస్తూ నిలబడిపోయింది. ఇన్నాళ్ళుగా తను మొక్కింది తప్పు మొక్కు. పదకొండు మంది ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళు బంతి తన్నితే ఒకడి చెయ్యి ఆగుతుందని నమ్మింది. వాళ్ళు ఇవాళ రెండుసార్లు తన్నారు, పాపం, ఒళ్ళు హూనం చేసుకుని. చెయ్యి ఆగదట. వాళ్ళకీ ఆ చేతికీ ఏనాడూ ఏ సంబంధమూ లేదు. అంత మంటలోనూ ఆమెకి ముందు తన మీద తనకి కోపమొచ్చింది, ఆ తర్వాత కోపం చేరాల్సిన చోటికి చేరింది.

పోలీసులు గేటుకి తాళం వేశారు. అరగంట పడుతుందన్నారు. నూటెనభై మందీ ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు. అంతా తెలిసినవాళ్ళే, ఒకే పోర్టు, పక్కపక్క వీధులు. గోపి ఫోన్ తీసి వీడియో పెట్టాడు, బ్యాచ్ గ్రూపులో వెయ్యడానికి. ఒక్కొక్కరి మొహం ముందూ పెడుతూ నాగశ్రీ దగ్గరికొచ్చాడు. "మన లక్కీ అక్క ఇప్పుడు రెండు ముక్కలు మాటాడతాది. ఏటక్కా, గెలిచినా మొహం అలా ఉంది?"

నాగశ్రీ ఫోన్ వైపు చూసింది. ఎప్పుడూ ఐస్ టోకెన్ నంబర్లు పిలిచే గొంతుతోనే, నలుగురికీ వినపడేలా మాట్లాడింది.

"గెలిచేరు, సంతోషం. మీరు ఓడిపోయిన రోజుల్లో ఈయన ఇంట్లో తలుపేయించి నన్ను కొడతారు గోపీ. నా ఎడం సెవి అలాగే పోనాది. బాత్రూంలో జారి కాదు."

ఎవరో బఠాణీల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆపరా ఫోనూ," అంటూ మోహనకృష్ణ లేచాడు. గోపి చెయ్యి కిందకి దిగబోయింది. ఆశాజ్యోతి మొగుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ పైకెత్తింది. "ఆపకండి," అంది. ఆ పిల్ల మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

మోహనకృష్ణ కంచె వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. ఎటు చూసినా వైజాగ్ వాళ్ళే.

"ఇవేళ గెలిచినా కొడతానని ఇప్పుడే సెప్పేరు," అంది నాగశ్రీ. "రేపు రైలు వైజాగ్‌లో ఆగుద్ది, మీరందరూ దిగండి. నాను దిగను, ఎలమంచిలిలో మా అక్క కాడ దిగుతాను."