ఉప్పు పడిన గొరయ్యిబా

ఇంటిపని చేతకాని ఆడదానివి అని ఎవరైనా అంటే పడతాను. నిజమే, మా సింకులో గిన్నెలు ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటాయి. మాసిన బట్టలు బుట్ట నిండి నేల మీదికి దిగుతాయి. కానీ ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి చేతకాదు అంటే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ ఏడు ఈస్టర్‌కు సరిగ్గా అదే జరిగింది.

నా పేరు ఫెర్యాల్. పెళ్ళికి ముందు నుంచీ రైల్వే రిజర్వేషన్ కిటికీ వెనక కూర్చుంటున్నాను. ఆదివారం కూడా మాకు పనిదినమే. చర్చిలో పూజ ముగిసీ ముగియగానే మెట్రో పట్టుకుని పరుగెత్తాలి. రోజంతా జనం ఆ అద్దం మీద గోళ్ళతో టకటకా కొడుతూ, రైళ్ళు ఆలస్యంగా రావడం నా పాపమే అయినట్టు తిడతారు. సాయంత్రం షుబ్రా పేటలో మా మేడ మెట్లెక్కి, చెప్పులు విదిలించి, పుదీనా వేసిన టీ గ్లాసుతో బాల్కనీలో సబ్జా మొక్క పక్కన కూలబడతానే, ఆ కాసేపు నేను మహారాణిని. గురువారం రాత్రి ఇస్త్రీ చేసిన దుప్పట్ల మీద ఒళ్ళు వాల్చడం, సెలవు కాబట్టి శుక్రవారం పొద్దున అందరికన్నా ముందు లేచి, మరియ తల్లి పటం ముందు దీపం పెట్టి, చిక్కుడు గింజల కుండ సన్నటి సెగ మీద ఉడకెయ్యడం, ఇవే నా భోగాలు. వీటికి పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అనుకున్నానంతే.

అన్నిటికన్నా నాకిష్టమైనది పండుగ ముందు పిండివంట చేసే సాయంత్రం. రేడియోలో కీర్తనలు పెట్టుకుని, మా అమ్మాయి ఫిబ్రోనియాను పక్కన కూర్చోబెట్టుకుని, నెయ్యీ పంచదార పొడీ నురగ వచ్చేదాకా చేత్తో గిలక్కొట్టి, మైదా కలిపి, తెల్లటి గొరయ్యిబా బిళ్ళలు చేస్తాను. సరిగ్గా కుదిరితే నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఈ వంట చేసేది ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసం చివరి వారంలో. నెయ్యి, పాలు, గుడ్డు ఏదీ నోట పెట్టకూడదు. మా ఆడవాళ్ళందరూ పండుగ వంటను రుచి చూడకుండానే వండుతారు. బాగుందో చెడిందో పండుగనాడే తెలిసేది.

నాకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఎదురు వాటాలో ఉండే నబీలా అక్క ముస్లిం. రంజాన్‌లో ఆవిడ పులుసులో ఉప్పు నేను చూసి చెబుతాను. మా ఉపవాసంలో నా పిండిలో తీపి ఆవిడ చూసి చెబుతుంది. ఆవిడ తల ఊపితే గాని నేను పళ్ళెం పొయ్యిలో పెట్టను.

ఈ ఏడు ఉపవాసం సగంలో ఉండగా చర్చి మహిళా కూటమిలో వదాద్ తాసోనీ లేచింది. సేవ చేసే ఆడవాళ్ళను మేం తాసోనీ అంటాం, అక్క అని అర్థం. ఈవిడ అక్కతనం అంతా మాకు బుద్ధులు చెప్పడంలోనే ఉంటుంది.

“ఈసారి పేద ఇళ్ళకు పంపే పెట్టెల్లోకి వంటలన్నీ హాల్లోనే చేద్దాం. పొద్దున పూట, అందరం కలిసి.”

“పొద్దున నేనెలా వస్తాను తాసోనీ? ఒక్క సాయంత్రం పెట్టకూడదూ?” అన్నాను.

“నీకెందుకమ్మా ఫెర్యాల్ ఈ తాపత్రయం? నువ్వు మైదా పంపు, చాలు. ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాళ్ళం మేం చేస్తాంలే.”

ఇల్లు కనిపెట్టుకుని ఉండే ఈవిడ ఇంట్లో వంటకొక మనిషి, తుడవడానికొక మనిషి! ఆయనగారు పేరున్న డాక్టరు. నా ఒళ్ళు మండిపోయింది.

“నా వంతు గొరయ్యిబా మా ఇంట్లోనే చేసి పంపుతాను,” అన్నాను.

“సరే నీ ఇష్టం. రైలు వాసన రాకుండా మాత్రం చూడు!”

అందరూ కిసుక్కున నవ్వారు. కింది అంతస్తులో ఉండే మా అత్తయ్య, ఇసీస్ ఆవిడ పేరు, అస్యూత్ పల్లె మనిషి, ఆ నవ్వుల్లో కలవలేదు గాని, మాట కూడా అనలేదు. ఆవిడకు ఒంటరిగా పొద్దుపోదు. హాల్లో చేసేవాళ్ళలో మొదటి పేరు ఆవిడదే.

ఉపవాసం చివరి వారంలో ఒక సాయంత్రం నేనూ ఫిబ్రోనియా కూర్చున్నాం. కాళ్ళు పీకుతున్నాయి, అయినా ఒళ్ళు తేలిగ్గా ఉంది. నబీలా అక్క మోచేతితో తలుపు తోసుకుని వచ్చి, వేలికొసతో పిండి తీసుకుని చప్పరించింది.

“అబ్బ! తీపి ఒక పిసరు ఎక్కువే చెల్లీ. ఉండనీలే. పేదవాళ్ళ నోరు తీపి చేస్తే నీకు పుణ్యం, చూసినందుకు నాకు సగం.”

ఒక్కో బిళ్ళ నడుమా పిస్తా పలుకు అద్దాం. ఆనవాయితీ ప్రకారం నబీలా అక్కకు ఒక పళ్ళెం ఇచ్చి, మిగతాదంతా పెట్టెలకు పంపేశాను. మా ఇంటి కోసం మళ్ళీ చేసే తీరిక దొరకలేదు. అత్తయ్య తన వంట నుంచి ఒక డబ్బా తెస్తానంది కదా అని ఊరుకున్నాను.

పండుగనాడు చర్చి వాకిట్లో జనం చెవులు కొరుక్కోవడం చూసి, ఎవరింట్లోనో పెళ్ళి కుదిరిందనుకున్నాను. కుదిరింది నా పెళ్ళి. పెట్టెలు అందిన ఇళ్ళలో సగం చోట్ల గొరయ్యిబా ఉప్పు కషాయమట. యాభై అయిదు రోజులు నోరు కట్టుకున్న పిల్లలు ఆశగా కొరికి తుపుక్కున ఉమ్మేశారట. హాల్లో జరిగిందంతా వదాద్ తాసోనీ కళ్ళెదుటే జరిగింది కాబట్టి, బయటి నుంచి వచ్చింది నా వంట ఒక్కటే కాబట్టి, తీర్పు అప్పటికే అయిపోయింది.

మధ్యాహ్నం మాంసం వడ్డిస్తూ మా ఆయన నషాత్‌తో చెప్పాను. “నాది కాదు. నబీలా అక్క చూసింది.”

“అలసిపోయి ఉంటావులే,” అన్నాడు పళ్ళెంలోంచి తలెత్తకుండా. “రోజంతా ఆ కిటికీ దగ్గర అరుపులు విని వచ్చాక, ఏ పొడి ఏదో ఎవరికి తెలుస్తుంది? నిన్నెవరూ ఏమీ అనడం లేదుగా.”

నన్నెవరూ ఏమీ అనడం లేదట! వీధి వీధంతా అంటోంది, ఇంట్లో మొగుడూ అంటున్నాడు. ఇంకెవరు మిగిలారు?

“మీరైనా చెప్పండి అత్తయ్యా, నా చేతి వంట మీకు తెలీదా?”

అత్తయ్య రొట్టె ముక్కను చిన్న చిన్న తుంపులు చేస్తూ కూర్చుంది. తెస్తానన్న డబ్బా తేలేదు, నేనూ ఆ గొడవలో అడగలేదు. చివరికి మెల్లగా అంది. “వచ్చే ఏడు కొట్లో కొనేద్దాంలే అమ్మా. నీకూ శ్రమ తప్పుతుంది.”

“అదే మంచిది,” అన్నాడు నషాత్.

నా సాయంత్రం, నా నెయ్యి, నా రేడియో, పక్కన కూర్చున్న పిల్ల, అన్నీ రెండు మాటల్లో అయిపోయాయి. ఎవరూ లాక్కున్నట్టు కూడా లేదు. నా మేలు కోరి తీసేస్తున్నారు!

తర్వాతి గురువారం మహిళా కూటమికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని వెళ్ళాను. పని నుంచి నేరుగా వెళ్ళడంతో ఒంటి మీద ఆఫీసు చొక్కానే ఉంది. వదాద్ తాసోనీ దాన్ని ఎగాదిగా చూసి, ప్రార్థన కాగానే మొదలుపెట్టింది.

“నేనెవరి పేరూ చెప్పను. క్రైస్తవ ఇల్లాలికి ఇల్లే బలిపీఠం. బయట ఎవరెవరికో ఊడిగం చేసి, ఒంట్లో మిగిలిన కాస్త ఓపిక తెచ్చి దేవుడికి పెడితే ఇలాగే ఉంటుంది. చూడండి!”

రుమాలు విప్పి ఒక గొరయ్యిబా బిళ్ళను పైకెత్తి చూపించింది. చేతులు మారుతూ అది నా దగ్గరికి వచ్చింది. ఒక్క చూపు చాలు. నడుమ పిస్తా లేదు. లవంగం ఉంది. వదాద్ తాసోనీ హాల్లో అందరినీ బాదం పెట్టమందట. లవంగం గుచ్చడం అస్యూత్ పల్లెల్లోని పాత అలవాటు. మా చర్చి మొత్తంలో ఆ పని చేసే మనిషి ఒక్కతే.

తలెత్తి చూశాను. ముందు వరుసలో మా అత్తయ్య తన ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటోంది. మెడ వెనక దాకా ఎర్రబడింది. ఆవిడకు తెలుసు. పండుగ నుంచీ తెలుసు. తెలిసే, వచ్చే ఏడు కొట్లో కొందాం అంది!

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట అంటే నేను బయటపడతాను. కానీ అందరి ముందూ ముసలావిడ తల వంచడం తలచుకుంటే నోరు రాలేదు. నోరు రానందుకు నా మీద నాకే ఇంకా కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను.

“ఇది నాది కాదు. నేను పెట్టింది పిస్తా. నా పిండిని మా ఎదురింటి నబీలా అక్క రుచి చూసింది.”

“పిస్తానో లవంగమో, అలసిన చేతికి గుర్తుంటుందా అమ్మా?” అంది వదాద్ తాసోనీ జాలిగా. “అయినా మన పండుగ వంట రుచి తెలుసుకోవడానికి పొరుగింటి నాలుక కావాలా?”

“కావాలి! మనకు ఉపవాసం కాబట్టి కావాలి. మీలో ఎవరైనా రుచి చూశారా? లేదు కదా! మరి మీ చేతులు తప్పు చెయ్యవని ఎలా తెలుసు? సరే, నాదే అనుకోండి. ఉప్పు నేనే వేశాననుకోండి. అది నా చెయ్యి చేసిన తప్పవుతుంది, నా ఉద్యోగం చేసిందెలా అవుతుంది? ఇంట్లో ఉండేవాళ్ళు అన్నం మాడ్చరా? పాలు పొంగించరా? మీ చేత పొరపాటు జరిగితే పొరపాటే. నా చేత జరిగితే పాపమా? పొద్దంతా పనిచేసి వచ్చి, ఇష్టపడి, పాడుకుంటూ చేశాను ఆ వంట. మిగిలిన ఓపిక కాదు నేను పెట్టింది. నాకున్న సంతోషంలో మంచి ముక్క అది!”

ముందు వరుసలో కుర్చీ కిర్రుమంది. అత్తయ్య కర్ర ఊతంతో లేచింది.

“లవంగం నాది,” అంది. “పంచదార పొడి సంచీ, ఉప్పు సంచీ పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళు ఆనలేదు. పండగనాడు నా డబ్బాలోది కొరికినప్పుడే తెలిసింది. చెబుదామంటే నోరు రాలేదు. ఆ పాపం కోడలి నెత్తిన పడేసి ఊరుకున్నాను.”

అందరికన్నా ముందు వదాద్ తాసోనీ తేరుకుంది. మొహం చేటంత చేసుకుంది. “అయ్యో, మీరా తల్లీ! దానికేముందమ్మా! ఈ వయసులో మీరొచ్చి చెయ్యి వెయ్యడమే మాకు దీవెన. మీ చెయ్యి చల్లగుండ!”

హాలంతా ముద్దుగా నవ్వింది. ఒకావిడ వచ్చి అత్తయ్య నెత్తిన ముద్దు పెట్టింది. “పెద్దావిడ చేతి ఉప్పు కూడా తీపే,” అని ఇంకొకావిడ. ఎవరో గబగబా టీ తెచ్చి చేతికిచ్చారు. నేను నిలబడే ఉన్నాను. అదే బిళ్ళ, అదే ఉప్పు. ఇందాక పాఠమైంది, ఇప్పుడు దీవెనైంది. నా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. అది ఏడుపు కాదు, ఒళ్ళు మరిచిన కోపం.

“చూశారా?” అన్నాను. ఎవరూ వినలేదు.

అత్తయ్య విన్నది. టీ గ్లాసు పక్కన పెట్టేసి, నెత్తి మీది చేతిని తోసేసింది.

“ఉండండే! ముద్దులొద్దు నాకు. ఏమమ్మా వదాద్, ఇందాక నా కోడలికి పాఠం చెప్పావే, అది నాకూ చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు. వింటాను.”

వదాద్ తాసోనీ సాయం కోసం చుట్టూ చూసింది. ఎవరూ ఆవిడ చూపు అందుకోలేదు. చివరికి ఆ చూపు నా మీదికి వచ్చింది. నేను రెప్ప వెయ్యలేదు.

“చెప్పండి తాసోనీ,” అన్నాను. “మా అత్తయ్య ఏ ఉద్యోగం చేస్తుందో, అక్కడి నుంచి మొదలుపెట్టండి.”