అమ్మ కారులో కిచకిచ

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నాన్నతో కూతురు మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక కార్డు ముక్క కూడా నిండదు. తిన్నావా అంటే తిన్నాను, ఎలా ఉన్నావంటే బానే ఉన్నాను, అంతే. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నే అమ్మ కారు వేసుకుని వచ్చి నాన్న మెకానిక్ షెడ్డు ముందు ఆగిందంటే, వేరే దారి లేక ఆగింది.

కారు ఆగిపోయిందా అంటే ఆగిపోలేదు. నడుస్తోంది. కానీ తాళం తిప్పిన దగ్గర్నుంచి ముందు భాగంలో ఎక్కడో కిచకిచమని ఒక సన్నటి చప్పుడు. వేగం పెంచితే అదీ వేగం పెంచుతుంది, తగ్గిస్తే తగ్గిస్తుంది. కొత్త వర్క్‌షాపుకి తీసుకెళితే అద్దాల గదిలో కూర్చోబెట్టి, బండికి కంప్యూటరు తగిలించి, గంటన్నర తర్వాత వచ్చి ఇంజను మొత్తం విప్పి చూడాలన్నారు. ఇంత పాత బండికి అంత అవసరమా మేడమ్, తుక్కు కింద ఇచ్చేయండి అని సలహా కూడా పారేశారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. అది అమ్మ పదహారేళ్లు నడిపిన కారు. తను కుట్టుపని నేర్పే బడికి రోజూ అందులోనే వెళ్లొచ్చేది. సీటు సందుల్లో చెయ్యి పెడితే ఇప్పటికీ ఒక గుండుసూది గుచ్చుకుంటుంది.

ఆ ఇంజను గుట్టు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మొహం చూడాలని లేకపోయినా, కారు కోసం రాక తప్పలేదు.

నాన్నని అందరూ చెవి మేస్త్రి అంటారు. బారెడు స్క్రూడ్రైవరు ఒకటి ఉంటుంది ఆయన దగ్గర. దాని మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడితే లోపల ఏ బోల్టు అలిగిందో చెప్పేసేవాడు. దానికంటే ముందు ఇంకో తంతు ఉండేది. వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, బండి ఎలా అరుస్తోందో నోటితో అరిచి చూపించాల్సిందే. "నువ్వు చెప్పకు, బండి ఏమంటోందో అను" అనేవాడు. టై కట్టుకున్న పెద్ద ఆఫీసరు నడిరోడ్డు మీద నిలబడి గుర్ర్, గుర్ర్ అంటుంటే పక్కన టీకొట్టు దగ్గర జనం పగలబడి నవ్వేవాళ్లు. చిన్నప్పుడు ఆమె కూడా ఆ చప్పుళ్లన్నీ నేర్చుకుని, బానెట్ మీద కూర్చుని ఒక్కోటీ చేసి చూపించేది. ఇంజను లోపలి ట్యాపెట్లు వదులైతే టకటక. సైలెన్సరు పగిలితే బుసబుస. నాన్న మురిసిపోయి ఆమెకి "హారన్" అని పేరు పెట్టాడు. అమ్మ ఎంత తిట్టినా ఆ పేరు మానలేదు.

ఆ ముచ్చట్లన్నీ ఒకప్పటివి. ఇప్పుడు ఆమె కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది ఒకటే సంగతి.

ఆసుపత్రిలో ఆఖరి రోజు. అమ్మ గొంతు అప్పటికే పీలగా అయిపోయింది. కూతురు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నాన్న మంచం కాళ్ల దగ్గర నిలబడి చేతిలో తాళాలు ఆడిస్తున్నాడు. షెడ్డులో ఎవరిదో టాక్సీ జాకీ మీద ఉంది, ఇంతలో వచ్చేస్తానన్నాడు. అప్పుడు అమ్మ కళ్లు తెరిచి, "ఇవాళ వెళ్లకు. నా దగ్గరే ఉండు" అంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడ ఆయన్ని ఏదైనా గట్టిగా అడిగిందంటే అదొక్కటే. నాన్న ఆవిడ మొహం వంక చూశాడు. చిన్నగా నవ్వాడు. "సరే సరే" అని తలూపి, దుప్పటి సర్ది, బయటికి నడిచాడు. అమ్మ రెండు గంటల సేపు తలుపు వైపే చూసింది. తర్వాత చూడటం మానేసింది.

వెళ్లకు అంటే సరే అని వెళ్లిపోయిన మనిషిని ఏమని అడగాలి? అందుకే ఏమీ అడగలేదు. కట్టుకున్నదాని ఆఖరి కోరిక పెడచెవిన పెట్టి టాక్సీ బాగుచెయ్యడానికి పోయినవాడు అని మనసులో రాసేసుకుంది.

షెడ్డు ముందు కారు ఆగిన చప్పుడుకి నాన్న బయటికి రాలేదు. ఆమె లోపలికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాక చూసి, ఉలిక్కిపడి, చేతిలో గుడ్డపీలిక బల్ల మీద పడేశాడు. ఆ మొహం వెలిగిపోవడం చూసి ఆమె చూపు తిప్పేసుకుంది.

"హారన్! ఎప్పుడొచ్చావు తల్లీ? టీ తాగుతావా?"

"వద్దు. అమ్మ కారులో చప్పుడొస్తోంది. చూడు."

"ఎలా వస్తోంది? అను ఒకసారి."

"నేనేం చిన్నపిల్లనా?" అంది ఆమె. "నీకు చెవులున్నాయిగా, నువ్వే విను."

ఆయన ఒక్క క్షణం ఆమె మూతి వంకే చూసి, "సరే సరే" అని బానెట్ ఎత్తాడు. ఆమె ఇంజను స్టార్టు చేసింది. కిచకిచ మొదలైంది. షెడ్డు రేకుల కింద అది ఇంకా గట్టిగా వినిపించింది, పళ్లు జివ్వుమనేంతగా. నాన్న స్క్రూడ్రైవరు ఇక్కడ పెట్టాడు, అక్కడ పెట్టాడు, కళ్లు మూశాడు, తెరిచాడు. మునుపు అర నిమిషంలో తేల్చేవాడు, ఇప్పుడు ఎంతకీ తేల్చడు. చివరికి, "ట్యాపెట్లు" అన్నాడు.

పైమూత విప్పి, సందులు కొలిచే గేజి పెట్టి, ఒక్కో ట్యాపెట్ సరిచేసేసరికి గంట పట్టింది. మళ్లీ స్టార్టు చేయించి ఆమె మొహంలోకి చూశాడు. "పోయిందా?"

ఎక్కడ పోతుంది? అలాగే ఉంది. ఆమెకి చిరాకు నెత్తికెక్కింది. ఇంజను ఆపేసి దిగి వచ్చింది.

"ట్యాపెట్లయితే టకటకమంటాయని నువ్వే కదా నేర్పావు. ఇది సన్నగా అరుస్తుంటే ట్యాపెట్లంటావేంటి?"

నాన్న అప్పటికే మళ్లీ బానెట్ కిందికి దూరిపోయాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది. అమ్మ ఉంటే దాన్ని అలా వదిలేది కాదు. అది చూడగానే ఆమెకి జాలి రావాలి కదా, కోపం వచ్చింది. ఎనిమిది నెలలుగా గొంతులో ఇరుక్కున్నది, ఆ వీపుని చూసి బయటపడింది.

"అమ్మ ఉండమంటే ఎందుకు వెళ్లిపోయావు నాన్నా?"

"పదమూడు పానా ఇలా అందుకో" అన్నాడు నాన్న.

ఇంత మాట అడిగితే పానా అడుగుతాడా? రెండడుగులు ముందుకి వేసి మళ్లీ అడిగింది. "అంత రాతిగుండె ఎలా వచ్చింది నీకు? నీ కోసం తలుపు చూస్తూ పోయింది అమ్మ!"

ఆమె నీడ ఇంజను మీద పడింది. నాన్న తల తిప్పి చూశాడు. చిన్నగా నవ్వాడు.

"సరే సరే" అని తలూపాడు.

అదే నవ్వు. అదే తలూపడం. ఆసుపత్రిలో మంచం కాళ్ల దగ్గర చూసినది ఏదో అదే, వెంట్రుక వాసి తేడా లేదు.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. చూపు తగ్గిందని ఒప్పుకోలేక గోడ మీది అక్షరాలు బట్టీ పట్టి వచ్చే ముసలివాళ్లు వారానికి ఒకరైనా తగులుతారు. పలక తిప్పి పెట్టి ఇట్టే పట్టేస్తుంది వాళ్లని. అందుకే ఆమె చెయ్యి దానంతటదే లేచింది. నోటికి అడ్డంగా పెట్టుకుని, మామూలు గొంతుతో, "నాన్నా, షెడ్డు తగలబడిపోతోంది" అంది.

"అలాగే తల్లీ, అలాగే" అన్నాడు నాన్న.

ఆమె పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. నాన్న కంగారుగా దగ్గరికొచ్చాడు. ఆమె చెయ్యి తీసేసి, ఆయన కళ్లలోకి చూస్తూ, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"ఎప్పటి నుంచి నాన్నా?"

అబద్ధమాడదామనే చూశాడు పాపం. ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఇంకో టైరు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"మూడేళ్లు దాటింది. లావు చప్పుళ్లు పరవాలేదమ్మా, తెలుస్తాయి. సన్నవి పోయాయి. బండ్లు ఎలాగో నెట్టుకొస్తున్నా. జనం నోటితో అంటారు కదా, మనిషి గొంతులో అది కాస్త లావవుతుంది, మూతిని బట్టి మిగతాది పట్టుకుంటా. ఇంట్లోనే..." ఆయన చేతుల్లోని మసి వంక చూసుకున్నాడు. "మీ అమ్మ గొంతు సన్నం కదా. అన్నిటికంటే ముందు అదే పోయింది."

"అమ్మకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? చెవి మేస్త్రికి చెవులు పోయాయనా? ఆవిడ ఏదన్నా సరే అనేవాణ్ని. సరే అంటే గొడవుండదు కదా."

నిజమే, అమ్మ నవ్వుతూ చెప్పింది కూడా. పెద్దతనంలో మీ నాన్న దారికొచ్చాడే, ఏమన్నా సరే అంటున్నాడు, ఈ బుద్ధేదో పాతికేళ్ల కిందట వచ్చుంటే ఎంత సుఖపడేదాన్నో అంది. తల్లీకూతుళ్లు వంటింట్లో కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నారు ఆ మాటకి.

ఇప్పుడు ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఎనిమిది నెలలు. పక్కనున్న మనిషికి చెవులు పోయాయని కనిపెట్టలేక, గుండె లేదని తీర్పు చెప్పేసింది. ఆయన ఒంటరిగా వండుకుని తిన్నాడు, ఒంటరిగా ఏడ్చాడో ఏమో కూడా తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని లేచి, నాన్న ఎదురుగా నిలబడి, నోరు బార్లా తెరిచి అరిచింది.

"కిచ్! కిచ్! కిచ్! కిచ్!"

టీకొట్టు దగ్గర ఇద్దరు తల తిప్పి చూశారు. చూడనీ.

"వేగం పెంచితే పెరుగుతుందా?" అన్నాడు నాన్న. ఆమె తలూపింది. "స్టార్టు చెయ్యగానే వస్తుందా?" మళ్లీ తలూపింది. "అయితే బెల్టు తిప్పేది ఏదో ఏడుస్తోంది. ఇంజనుకేం కాలేదు."

ఫ్యాన్ బెల్టు ఊడదీసి ఒక్క నిమిషం ఇంజను నడిపించాడు. కిచకిచ లేదు. పోయిందని ఆమె చేత్తో చూపించింది. ఆపించి, డైనమో చక్రాన్ని వేళ్లతో తిప్పి చూశాడు, మెత్తగా తిరిగింది. వాటర్ పంపు చక్రం తిప్పాడు. సగంలో ఆగి, ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. లోపల ఇసుక పోసినట్టు గరగరలాడుతోంది.

"ఇదే. పంపులో బేరింగు అరిగిపోయింది. దీనికి ఇంజను విప్పుతారా వెధవలు?"

అటక మీద నుంచి అట్టపెట్టె ఒకటి దించాడు. ఇదే బండికి సరిపోయే కొత్త పంపు. దొరకడం కష్టమైపోతోందని అమ్మ కారు కోసం నాలుగేళ్ల కిందటే కొని దాచాడట. పెట్టె మీద ఆయన చేతిరాతతో "ఇంటిది" అని ఉంది.

పాత పంపు బయటికొచ్చాక నాన్న చెయ్యి ఆగిపోయింది. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. వచ్చి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు, వెలుతురు ఆమె మొహం మీద పడేలాగా.

"అమ్మా, ఒకటి అడగాలి. ఎవర్ని అడగాలో తెలియక ఇన్నాళ్లూ... ఆ రోజు ఆసుపత్రిలో మీ అమ్మ ఏదో అంది. పెదాలు కదిలాయి. నాకు ఒక్క ముక్క అందలేదు. ఏంటని అడుగుదామంటే నువ్వక్కడ ఉన్నావు, బయటపడిపోతానని సిగ్గేసింది. తలూపి వచ్చేశా. ఏమంది తల్లీ?"

ఆయన కళ్లు ఆమె పెదాల మీద నిలిచిపోయాయి. ఇంజనులో చప్పుడు కోసం వెతికేటప్పుడు కూడా అంత ఇదిగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

చిన్న గొంతుతో గొణిగితే సరిపోయే అబద్ధం కాదది. వీధికంతా వినపడేలా అరిచి చెప్పాలి, పెదాలు వణకకుండా చెప్పాలి.

"జాగ్రత్తగా వెళ్లి రమ్మంది నాన్నా!"

నాన్న భుజాలు కిందికి దిగాయి. ఎనిమిది నెలల అలసట ఆ ఒక్క ఊపిరిలో బయటికొచ్చింది.

"అవునా... నేనూ అదే అనుకున్నా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మసి చేత్తోనే తుడుచుకున్నాడు. "ఉండమని ఉంటే నేను కదిలేవాణ్నా?"

"కదిలేవాడివి కాదు" అంది ఆమె. అది మాత్రం నిజం.

పంపు బిగించి, బెల్టు ఎక్కించి, నీళ్లు పోసేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను హాయిగా అందుకుంది. అమ్మ నడిపిన రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. నాన్న రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి, అద్దంలోంచి ఆమె వైపు చూశాడు.

"పోయిందా?"

"పోయింది నాన్నా" అంది ఆమె. అద్దం మీద ఎండ పడి ఆయనకి ఆమె పెదాలు కనపడలేదు.

"ఏంటీ?" అన్నాడు నాన్న, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "వినపడలేదమ్మా, మళ్లీ చెప్పు."

ఆమె ఇంజను ఆపింది. తర్వాత కారు దిగి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి మళ్లీ చెప్పింది.