గుర్తు పక్కన మరక

రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు బ్రేకు ఫిట్టరుగా చేసిన లూకాకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అయితే ఆ చేతికంటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఆఫీసువాళ్లు ఇచ్చిన తేలిక పని. గేటు దగ్గర బల్ల ముందు కూర్చుని వచ్చేపోయే వాళ్ల పేర్లు రాయాలి. సాయంత్రం పూరీ గేట్ పేటలోని ఇంటికి రాగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో ఉన్నది పదహారేళ్ల కూతురు రూతు ఒక్కతే. తల్లి పోయి నాలుగేళ్లయింది. అసలే నోరు విప్పని పిల్ల, ఇప్పుడు తండ్రి కూడా మాట్లాడకపోవడంతో ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప ఏదీ వినిపించేది కాదు.

తొంభై ఏడో సంవత్సరం వేసవిలో చర్చిలో పరిచయమున్న, ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో టైపు సెంటర్ నడిపే దేవమణి వాళ్లింటికొచ్చి రెండు చేతులూ చాపి చూపించింది. గోళ్ల నిండా నీలం రంగు.

“సూడన్నియ్యా నా అవతారం. కొత్త ప్రింటరు కొన్నాను గాని ఇంకు డబ్బీ అయిపోయినప్పుడల్లా కొత్తది కొనలేక సిరంజితో నింపుకుంటన్నాను. ఆ ఇంకు సీసా సంచిలో ఎడితే సాలు, కారిపోతంది. నీలిమందు కొట్టు పెట్టినావేటమ్మా అని మొన్న పాస్టరుగారు అడిగినారు.”

“అయితే నన్నేటి సెయ్యమంటావు?”

“కారని సీసా ఒకటి సేసిపెట్టు. అయిపోతే మళ్లీ నింపుకునేలా ఉండాల.”

“ఒంటి సేతోడితో అయ్యే పనేటే అది?”

“రెండో సెయ్యి అదిగో, తలుపు సాటున దాక్కుంది” అంది దేవమణి. రూతు ఇంకాస్త లోపలికి జరిగింది.

ఆ మర్నాడే లూకా పనిముట్ల పెట్టె దించమన్నాడు. సీసా మూతకి ఇత్తడి ముక్కు అతికించాడు. ముక్కు లోపల సైకిలు చక్రంలోని చిన్న గుండు, దాన్ని వెనకనుంచి నొక్కిపట్టే బాల్‌పెన్ను స్ప్రింగు. ముక్కుని ప్రింటరు డబ్బీకి ఆనించి నొక్కితే గుండు వెనక్కి జరిగి ఇంకు దిగాలి, తీయగానే మూసుకోవాలి. గుండు కూర్చునే చోటు సన్నటి పేస్టుతో నూరి నునుపు చెయ్యడానికి వారాలు పట్టింది. రూతు ముక్కుని కదలకుండా పట్టుకునేది, ఆయన కుడిచేత్తో నూరేవాడు. “గట్టిగా కాదు, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోయే” అనేవాడు. తండ్రి నోటి వెంట అన్ని మాటలు విని ఎన్నాళ్లయిందో.

ఆదివారం చర్చికి వెళ్లేముందు సీసాని చెక్క చట్రంలో తలకిందులుగా నిలబెట్టి, కింద తెల్ల కాగితం పరిచి, ముక్కుకి సరిగ్గా కింద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీసేవాడు. మొదటి ఆదివారం తిరిగొచ్చేసరికి గీతల మీద రూపాయంత మరక. రెండో ఆదివారం గీతల మీదే, పావలాంత.

మూడో ఆదివారం తాళం వేస్తూ అన్నాడు. “ఈసారీ సుక్క పడితే పనిముట్లు ఎవరికైనా ఇచ్చేస్తాను. గేటు కాడ పేర్లు రాసుకుంటే సాలు నాకు.”

ఆ రోజు ఆయన చర్చి దగ్గర ఎవరితోనో మాట్లాడుతుంటే రూతు ముందే ఇంటికొచ్చింది. కాగితం మీద ఆవగింజంత నీలం చుక్క ఉంది. అంతే కదా, అంత చిన్నదే కదా అనుకుంది. ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టింది. కొత్తది పరిచి, తండ్రి గీసినట్టే రెండు గీతలు గీసింది. సీసాని గుడ్డతో తుడిచింది.

లూకా వచ్చి వంగి చూశాడు. కళ్లజోడు తెప్పించుకుని మళ్లీ చూశాడు.

“లేదు కదేటే?”

“లేదు నాన.”

ఆయన మంచం మీద కూర్చుని, పడిపోయిన చేతిని కుడిచేత్తో మెల్లగా నిమిరాడు.

బుధవారం సాయంత్రం దేవమణి వచ్చింది. ఒక చేతిలో సోమవారం లూకా ఇచ్చిన సీసా, ఇంకో చేతిలో తడిసిన కవరు. సుభాష్‌పల్లిలో ఉండే జోగమ్మ భర్త రెండు నెలల కిందట డ్యూటీలో పోయాడు. ఆమె పెన్షను కాగితాలు టైపు చెయ్యడానికి దేవమణి తెచ్చుకుంది. వాటితో మొగుడూ పెళ్లాల ఫోటో ఒకటుంది. అతనిది ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే ఫోటో. సంచిలో సీసా కారింది. ఫోటోలో జోగమ్మ మిగిలింది. పక్కనున్న మనిషి ముఖం నీలంలో కలిసిపోయింది.

“మూత ఇప్పినావా?” అన్నాడు లూకా.

“లేదన్నియ్యా.”

“ఇప్పుంటావు. మూడు గంటలు బోర్లించినాను, కాగితం మల్లెపువ్వులాగుంది. నా కూతుర్నడుగు.”

దేవమణి రూతుని అడగలేదు. ఆయన ముఖంలోకి చూసి తల వంచుకుంది. “ఏమో, ఇప్పినానేమో మరి. గుర్తు లేదు.”

బడిలో హాజరు పలకడానికే రూతుకి గొంతు లేచేది కాదు. ఇప్పుడు గోడ పట్టుకుని అంది. “కాగితం నేను మార్సేసినాను, నాన.”

కొడతాడేమో, ఏడుస్తాడేమో అనుకుంది. లూకా రెండూ చెయ్యలేదు.

“ఎంత సుక్క?”

“ఆవగింజంత.”

“గీతల మీదా, పక్కనా?”

“పక్కన. రెండు వేళ్ల దూరం.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత సీసాని ఒళ్లో ఇరికించుకుని మూత విప్పాడు. లోపలి రబ్బరు వాషరు ఒకవైపు నలిగి బయటికి పొంగి ఉంది.

“మనం నూరింది కారలేదే. కారితే గీతల మీదే పడేది. మూత కారింది. బ్రేకు పైపనుకుని పానా ఎట్టి బిగించేసినాను, వాషరు నలిగిపోనాది. ఆ సుక్క సూసుంటే ఆదివారమే తెలిసిపోయేది.” ఆయన ఫోటో వైపు చూశాడు. “నా సొక్కా తే” అన్నాడు.

“ఎక్కడికి నాన?”

“బిగించింది నేను. దాసింది నువ్వు. ఇద్దరం ఎల్దాం.”

జోగమ్మ గుమ్మంలోనే ఫోటో అందుకుంది. చీరకొంగుతో తుడిచింది. రంగు కొంగుకి వచ్చింది గాని ముఖం బయటికి రాలేదు. రూతు ఆదివారం నుంచి జరిగిందంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగినా తండ్రి అందుకోలేదు, కూతుర్నే పూర్తి చెయ్యనిచ్చాడు.

పరవాలేదమ్మా అంటుందేమోనని రూతు ఎదురుచూసింది. జోగమ్మ ఆ మాట అనలేదు. ఫోటో దేవుడి గూట్లో ఆనించి, లోపల్నించి చాప తెచ్చి వాళ్లిద్దరికీ పరిచింది.