ఎండు పూలు, పచ్చి లెక్క

ముప్పై ఏళ్లు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు ఆరబెట్టే కొట్టంలో పనిచేసినవాణ్ణి నేను. పచ్చి పువ్వులో నీరెంత, ఆరాక మిగిలేదెంత అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నేను ఈ ఏడాది చేసిన నిర్వాకం వింటే మా డెర్వెంట్ లోయంతా నవ్వుతుంది.

పోయిన నవంబరులో మా బావ క్లారీకి గొంతు క్యాన్సరని హోబార్ట్ ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. జబ్బు తగ్గింది గానీ నాలుకకు రుచి పోయింది. ఐవీ అక్క ఏం వండిపెట్టినా అట్టముక్క నమిలినట్టుందని పళ్లెం పక్కకు నెట్టేసేవాడు. మనిషి సగమైపోయాడు. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, తిండి మాత్రం మానొద్దని డాక్టరు చెప్పాడు. బావ సరిగ్గా అదే మానేశాడు. అక్క కుమిలిపోయేది. ఆమెకు ధైర్యం చెప్పే నాకూ లోపల భయమే.

ఏటా మార్చిలో పూలకోత మొదలైన రోజున బావా నేనూ వాళ్ల పెరటి షెడ్డులో పది లీటర్ల బీరు కాచుకుంటాం. తీగ మీంచి దూసిన పచ్చిపూలే వేస్తాం. గోడ మీద సుద్దతో రాసుకున్న లెక్క ఒకటే: మూడు వందల గ్రాములు. తూచడం, కాచడం నా వంతు. చేదూ తీపీ సరిపడ్డాయో లేదో తేల్చడం బావ వంతు. ఈసారి పిలిస్తే రానన్నాడు. పనికిరాని నాలుకేసుకుని వచ్చి ఏం చెయ్యాలన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఒక్కణ్ణే చేసి చూపిస్తానని పంతం పట్టాను.

అప్పటికే ఆసుపత్రి చుట్టూ తిరగడంలో కోతలు అయిపోయాయి, పచ్చిపూలు దొరకలేదు. కొట్టంలో గట్టిగా నొక్కి కట్టిన బేలు నుంచి ఎండుపూల చెక్క ఒకటి కోసుకొచ్చాను. గోడ మీది లెక్క చూసి, మూడు వందల గ్రాములూ తూచి వేశాను. ఎండువైతే అరవై చాలు. గిన్నెలో అవి ఉబ్బుకొస్తుంటే ఈ ఏడు పూలు భేషుగ్గా పండాయని మురిసిపోయాను కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మూడు వారాలయ్యాక, ఆదివారం మధ్యాహ్నం గ్లాసులో కొంచెం వంచుకుని తాగాను. చేదు విషం. ఉమ్మేసి, గోడ మీద అంకె చూశాక గానీ చేసిన తప్పు తెలిసిరాలేదు. నన్ను నేను తిట్టుకుంటూ బకెట్టు కాలవ దగ్గరికి ఈడుస్తుంటే, ఆ తిట్లు విని బావ షెడ్డులోకి వచ్చాడు. జరిగింది చెప్పక తప్పలేదు.

“ముప్పై ఏళ్లు పూలు ఆరబెట్టినోడివి, ఎండువో పచ్చివో తెలీలేదట్రా నీకు?” అని నవ్వాడు. నవంబరు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. “ఇలా తే. నాకెలాగూ నీళ్లేగా.”

ఒక గుక్క మింగి, కదలకుండా నిలబడిపోయాడు. గొంతు మండిందేమోనని హడలిపోయాను.

“చేదుగా ఉందిరా,” అన్నాడు.

వెక్కిరిస్తున్నాడనుకుని, తెలుసులే బావా, అందుకే పారబోస్తున్నా అన్నాను.

“పారబోయకు. నాకు తెలుస్తోందిరా. చేదు తెలుస్తోంది.”

బకెట్టు అక్కడే వదిలేశాను. పోయిన చలికాలం చేసిన నల్లబీరు సీసాలు అటక మీద ఉన్నాయి. వాటిలో పూలు నామమాత్రం, బార్లీ తీపి ఎక్కువ. చేదు విరగడానికి ఆ బీరు ఒక పాలు కలిపి ఇచ్చాను. చేదు ఇంకా ఎక్కువుందన్నాడు. రెండు పాళ్లు కలిపినా తల అడ్డంగా ఊపాడు. మూడో పాలు పడ్డాక గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

“చేదు ఇంతే ఉండాలి. తీపి నాకింకా తెలీట్లేదు. అది నువ్వు చూసి చెప్పు.”

నేను తాగి, సరిపోయింది బావా అన్నాను. నా నాలుక మొద్దని ఇద్దరికీ తెలుసు. అయినా నా మాట నమ్మాడు.

అంతలో అక్క భోజనానికి పిలిచింది. బల్ల దగ్గర కూర్చున్న బావ, అక్క వడ్డించబోతున్న గొర్రెమాంసం వైపు వేలు చూపించి, అంచున నల్లగా మాడిన ముక్కలు తనకే కావాలన్నాడు. “నీ వంటలో వాటికి కొదవుండదుగా ఐవీ,” అన్నాడు.

అక్క ఏమీ అర్థంకాక నా వంక చూసింది. వెయ్యవే అక్కా, అన్నీ వేసెయ్ అన్నాను. బావ ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు. తప్పు తూచిన నా చేతికి ఆ పూట మనసులోనే దండం పెట్టుకున్నాను.